వీఎస్ కోడ్‌లో ఫోల్డర్ తెరిస్తే తెలుగు, ఒడియా రెండూ చెత్తగా కనిపిస్తున్నాయి, ఫైల్ ఒక్కటే తెరిస్తే బాగుంది

వంశధార_వాసి (గుణుపురం)

అందరికీ నమస్కారం. రాయగడలో ఒక హోల్‌సేల్ కిరాణా షాపు వెబ్‌సైట్ పని నా చేతికొచ్చింది. సరుకుల పేర్లు, ధరలు తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడింట్లోనూ ఉంటాయి. ముందు చేసినాయన వేరే ఊరు వెళ్లిపోయారట. షాపు కంప్యూటర్‌లో ఉన్న ప్రాజెక్ట్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసి నాకిచ్చారు.

సమస్య ఏంటంటే, తెలుగు పేర్లున్న టీఈ.జేసన్ ఫైల్‌ని రైట్ క్లిక్ చేసి, కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో విడిగా తెరిస్తే చాలావరకు శుభ్రంగా చదవగలుగుతున్నా. అదే ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తం తెరిచి, ఎడమ పక్క లిస్టులోంచి అదే ఫైల్ నొక్కితే అంతా పిచ్చి గీతలు. ఒడియా ఫైల్ కూడా అంతే. ఇంగ్లిష్ మాత్రం ఎలా తెరిచినా బాగుంది. ల్యాప్‌టాప్ అదే, ఫైల్ అదే, సాఫ్ట్‌వేర్ అదే. మరి ఫోల్డర్‌లోంచి తెరిస్తే ఏమవుతోంది?

రెండో తలనొప్పి: టీఈ.జేసన్, టీఈ2.జేసన్, టీఈ_ఫైనల్.జేసన్, టీఈ_ఫైనల్_అసలు.జేసన్ అని నాలుగున్నాయి. ఏది వాడుతున్నారో తెలీదు. ఇదంతా వీఎస్ కోడ్‌లోనే ఉండి సర్దుకునే దారి చెప్పండి. షాపాయన మా నాయనకి బాగా తెలిసినాయన, అందుకే కొంచెం టెన్షన్‌గా ఉంది.

బరంపురం_బాబు

ఏటి బాబూ, ఫాంట్ లేదేమో చూసుకో. నాకూ ఒడియా అక్షరాలు డబ్బాల్లా వచ్చేవి. సెట్టింగ్స్‌లో ఎడిటర్ ఫాంట్ దగ్గర చివర్లో కామా పెట్టి నిర్మలా యూఐ అని చేర్చా, పోయింది. విండోస్‌లో ఆ ఫాంట్ ఎలాగూ ఉంటుంది, తెలుగు, ఒడియా రెండూ అందులోనే వస్తాయి.

నాగావళి_ఒడ్డున (రాయగడ)

ఫాంట్ కాదు బాబుగారూ. ఫాంట్ లేకపోతే ఖాళీ డబ్బాలు వస్తాయి. ఈ తమ్ముడు పిచ్చి గీతలంటున్నాడు. పైగా విడిగా తెరిస్తే బాగుందంటున్నాడు కదా, అంటే ఫాంట్ ఉన్నట్టే.

తమ్ముడూ, రెండు చూసి చెప్పు. ఒకటి, ఆ పిచ్చి గీతల్లో తలమీద గీతున్న ఇంగ్లిష్ చిన్న ఎ, దాని వెనకే డిగ్రీ గుర్తు, ఈ జంట మాటిమాటికీ వస్తోందా? రెండు, వీఎస్ కోడ్ అడుగున కుడి పక్కన పట్టీ మీద ఏం రాసుంది? ఒకసారి విడిగా తెరిచి, ఒకసారి ఫోల్డర్‌లోంచి తెరిచి చూడు. ఈ లోపల దేన్నీ సేవ్ చెయ్యకు. ఆటో సేవ్ ఆన్‌లో ఉంటే ముందు అది ఆపెయ్.

వంశధార_వాసి

అన్నా, కరెక్ట్‌గా అదే జంట! తెలుగు ఫైల్‌లో ఎ, డిగ్రీ గుర్తు, కొన్నిచోట్ల ఎ, ప్లస్ కింద మైనస్ గుర్తు. ఒడియా ఫైల్‌లో మాత్రం డిగ్రీ బదులు చివర వంగిన అడ్డగీత వస్తోంది. అడుగున విడిగా తెరిస్తే యూటీఎఫ్-8, ఫోల్డర్‌లోంచి తెరిస్తే విండోస్ 1252 అని ఉంది. ఆటో సేవ్ ఆపేశా.

నాగావళి_ఒడ్డున

దొరికింది. యూటీఎఫ్-8, విండోస్ 1252 రెండూ అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతులు, వీటినే ఎన్‌కోడింగ్ అంటారు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. మొదటి బైట్ అన్నిటికీ ఒకటే, రెండోది రెండు రకాలు. ఆ మూడు బైట్లనీ మూడు వేరు వేరు అక్షరాలనుకుని విండోస్ 1252 అనే పాత పాశ్చాత్య పట్టిక ప్రకారం చదివితే మొదటిది గీత ఉన్న ఎ, రెండోది డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో అవుతుంది. ఒడియాకి రెండో బైట్ వేరు కాబట్టి ఆ వంగిన గీత. అలవాటైతే అక్షరం ఒక్కటీ చదవకుండానే ఇది తెలుగు ఫైల్, ఇది ఒడియా ఫైల్ అని చెప్పేయొచ్చు.

మరి ఫోల్డర్‌లోంచి తెరిస్తేనే ఎందుకు? ఎడమ పక్క లిస్టులో పైన డాట్ వీఎస్ కోడ్ అనే ఫోల్డర్ ఉంటుంది చూడు. అందులో సెట్టింగ్స్.జేసన్ తెరువు. ఫైల్స్ డాట్ ఎన్‌కోడింగ్ అని, దానికెదురుగా విండోస్1252 అని ఒక లైన్ ఉంటుంది, రాసిపెట్టుకో. నీ సొంత సెట్టింగ్ వేరు, ప్రాజెక్ట్‌తో పాటు వచ్చే సెట్టింగ్ వేరు. రెండూ తగువు పడితే ప్రాజెక్ట్‌దే పైచేయి. ఫైల్ ఒక్కటే తెరిచినప్పుడు ఆ ఫోల్డర్ సంగతి వీఎస్ కోడ్‌కి తెలీదు కాబట్టి నీ సెట్టింగ్ ప్రకారం యూటీఎఫ్-8లో చదువుతోంది.

వంశధార_వాసి

అన్నా అచ్చం అదే లైన్ ఉంది!! తీసేసి, ఫైల్ మూసి తెరిస్తే తెలుగు వచ్చేసింది. ఒడియా కూడా. అసలు ఆ లైన్ ఎందుకు పెట్టి ఉంటారు?

నాగావళి_ఒడ్డున

ఎవరో పాత ఇంగ్లిష్ ప్రాజెక్ట్‌లోంచి ఆ డాట్ ఫోల్డర్‌ని ఎత్తి ఇందులో పడేసి ఉంటారు. పెన్‌డ్రైవ్ ప్రాజెక్టుల్లో ఇది మామూలే. ఇకమీద ఎవరిదైనా ఫోల్డర్ చేతికొస్తే కోడ్ కంటే ముందు ఆ ఫైల్ చదువు.

ఇంకో మాట, ఇది ఈ దారం చదివే అందరికీ. పిచ్చి గీతలు కనిపించినప్పుడు అడుగున ఎన్‌కోడింగ్ పేరు మీద నొక్కితే రెండు దారులు చూపిస్తుంది: ఆ ఎన్‌కోడింగ్‌తో మళ్లీ తెరవడం, ఆ ఎన్‌కోడింగ్‌తో సేవ్ చెయ్యడం. మొదటిది ఫైల్‌ని ముట్టుకోదు, చదివే తీరు మారుస్తుంది అంతే. రెండోది నొక్కితే ఆ పిచ్చి గీతల్నే యూటీఎఫ్-8లో రాసి పెడుతుంది. అప్పుడు యూటీఎఫ్-8లో తెరిచినా చెత్తే. కంగారులో చేతులు నేరుగా రెండోదాని మీదికే పోతాయి, ఎందుకంటే అందులో సేవ్ అన్న మాటుంది.

వంశధార_వాసి

ఒక్క చిక్కు మిగిలింది. టీఈ.జేసన్‌లో చాలావరకు బాగుంది అన్నాగా, కానీ మధ్యమధ్యలో నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం, దాని పక్కనే ఇంకో మామూలు ప్రశ్నార్థకం వస్తున్నాయి. కందిపప్పు, ఉప్పు, బెల్లం, ఏలకులు ఇవన్నీ విరిగాయి. బియ్యంలో ఒక్కచోటే విరిగింది. నూనె, శనగలు మాత్రం చెక్కుచెదరలేదు. ఒడియా ఫైల్‌లో లుణ (ఉప్పు) కూడా పోయింది. టీఈ2.జేసన్‌లో ఈ గొడవ లేదు కానీ అందులో సరుకులు తక్కువ.

పర్లాకిమిడి_అక్క

ఇది చూసి లాగిన్ అవ్వకుండా ఉండలేకపోయాను. షాపు కంప్యూటర్‌లో ఎవరో ఆ తప్పుడు సెట్టింగ్‌తోనే తెరిచి, ఏదో ధర మార్చి సేవ్ చేశారు. అందుకే ఇలా విరిగింది. ఎందుకు కొన్ని మాటలే విరిగాయో చెప్తాను, చాలా తమాషా విషయం.

విండోస్ 1252 పట్టికలో 256 స్థానాలుంటే ఐదు ఖాళీ. కంప్యూటర్ వాడే పదహారు అంకెల లెక్కలో (హెక్సాడెసిమల్) అవి 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. ఆ ఐదు బైట్లకి ఆ పట్టికలో అక్షరం లేదు కాబట్టి తిరిగి సేవ్ చేసేటప్పుడు వాటి చోట ప్రశ్నార్థకం పడిపోతుంది. ఇప్పుడు మన తెలుగు చూడండి. పొల్లు గుర్తు మూడో బైట్ 8డీ. అంటే ఒత్తు ఉన్న ప్రతి చోటా దెబ్బే, ఎందుకంటే ఒత్తుకి ముందు పొల్లు ఉండాల్సిందే. కొమ్ము, అదే ఉకార గుర్తు, మూడో బైట్ 81. ఏ అక్షరానిది 8ఎఫ్, ఐ ది 90, ఝ ది 9డీ. అందుకే ఉప్పులో పొల్లూ పోయింది, కొమ్మూ పోయింది. బెల్లంలో, బియ్యంలో పొల్లు ఒక్కటే. ఏలకుల్లో మొదటి ఏ, తర్వాత కు, లు కొమ్ములు.

వంశధార తమ్ముడూ, శనగలు చెక్కుచెదరలేదన్నావు, మరోసారి చూడు. చివర లు ఉంది కదా, కొమ్ము పోయి ఉండాలి.

ఒడియాలోనూ లుణలో కొమ్మే పోయింది. యూనికోడ్‌లో మన భారతీయ లిపులన్నిటినీ 1988 నాటి ఇస్కీ అనే భారతీయ లిపుల ప్రమాణం వరసలోనే అమర్చారు. అందువల్ల తెలుగులో కొమ్ము ఎన్నో స్థానంలో ఉందో ఒడియాలోనూ దాని గదిలో అన్నో స్థానమే. దెబ్బ కూడా రెండు భాషలకీ ఒకే చోట తగిలింది.

వంశధార_వాసి

అక్కా నిజమే, శనగలు కాదు, ఫైల్‌లో శనగ అని ఉంది!

బరంపురం_బాబు

ఓలమ్మ. ఇన్నాళ్లూ ఫైల్ కరప్ట్ అయింది అని ఒక్క మాటలో తేల్చేసి కొత్తగా టైప్ చేయించేవాళ్లం. పొల్లుకీ కొమ్ముకీ లెక్కుందని ఇప్పుడు తెలిసింది. ఫాంట్ సలహా వెనక్కి తీసుకుంటున్నా, కానీ మా ఇంట్లో మాత్రం అది పనిచేసింది.

ఇంతకీ ఆ ప్రశ్నార్థకాల్ని వెనక్కి తెచ్చే ఉపాయం ఉందా అక్కా? ఏదైనా ప్రోగ్రామ్ రాసి?

పర్లాకిమిడి_అక్క

పూర్తిగా లేదు. కొమ్ము పోయినా పొల్లు పోయినా ఫైల్‌లో మిగిలేది ఒకటే బైట్లు. అక్కడ ఏముండేదో మాట చూసి మనిషే చెప్పాలి. వజ్రాన్ని ఒకటి కాపీ చేసి ఆ ఫైల్‌లోనే కంట్రోల్+ఎఫ్‌లో పేస్ట్ చేస్తే ఎన్ని చోట్ల విరిగిందో తెలుస్తుంది. కానీ అంతకంటే ముందు మంచి కాపీ ఎక్కడైనా ఉందేమో వెతకండి. బాగుచేసే వరకు ఈ ఫైల్ సేవ్ చెయ్యకండి, వజ్రాలే ఫైల్‌లో స్థిరపడిపోతాయి.

కోరాపుట్_కాఫీ

సైట్ నడుస్తోందా? నడుస్తుంటే బ్రౌజర్‌లో ఆ జేసన్ అడ్రస్ నేరుగా కొట్టు. షాపు కంప్యూటర్‌లో చెడిపోయాక మళ్లీ సర్వర్‌కి ఎక్కించి ఉండకపోతే అక్కడ పాతది క్షేమంగా ఉంటుంది. దింపుకుని ప్రాజెక్ట్ పక్కన వేరే ఫోల్డర్‌లో పెట్టు. ఆ ఫోల్డర్‌ని కూడా అదే విండోలోకి తెచ్చుకోవచ్చు, ఫైల్ మెనూలో వర్క్‌స్పేస్‌కి ఫోల్డర్ చేర్చడం అని ఉంటుంది. తర్వాత ఎడమ లిస్టులో సర్వర్ కాపీ మీద రైట్ క్లిక్ చేసి పోలికకు ఎంచుకో, విరిగినదాని మీద రైట్ క్లిక్ చేసి ఎంచుకున్నదానితో పోల్చు. రెండూ పక్కపక్కన వస్తాయి, తేడా ఉన్న లైన్లు రంగు మారతాయి. కొత్త ధరలు ఇటునుంచి, మంచి అక్షరాలు అటునుంచి.

వంశధార_వాసి

సర్వర్‌లో ఉంది! పూర్తిగా బాగుంది! నాలుగైదు కొత్త సరుకులు మాత్రమే లేవు, అవి చేత్తో టైప్ చేసుకున్నా. ఒడియావి షాపులో కూర్చునే అబ్బాయితో చెప్పించుకున్నా. అందరికీ చాలా థాంక్స్.

షాపు కంప్యూటర్‌లో కూడా ఆ లైన్ తీసేయమని ఫోన్‌లో చెప్పా. అక్కడ ఆటో సేవ్ ఆన్‌లో ఉందట. ఉంచాలా, తీసేయాలా?

నాగావళి_ఒడ్డున

తీసేయించు. ఎవరో పొరపాటున స్పేస్ బార్ నొక్కినా, వెయ్యి మిల్లీసెకన్ల తర్వాత డిస్కులోకి వెళ్లిపోతుంది. ఆ టీఈ.జేసన్ గతి అలా పట్టిందేనని నా అనుమానం.

చికిటి_చిన్నోడు

నేను ఒప్పుకోను అన్నా. మా వైపు కరెంట్ సంగతి తెలిసిందే కదా, సాయంత్రం గాలి కొట్టిందంటే లైన్ పోతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఆటో సేవ్ లేకుండా పని చెయ్యమంటే ఎలా? గంట పని పోయినవాడికి తెలుస్తుంది.

నాగావళి_ఒడ్డున

అందుకు ఆటో సేవ్ అక్కర్లేదు. సేవ్ చెయ్యని మార్పుల్ని కూడా వీఎస్ కోడ్ ఒక పక్కన దాచి ఉంచుతుంది. మళ్లీ తెరిచినప్పుడు ట్యాబ్ మీద చుక్కతో సహా అలాగే తెచ్చిపెడుతుంది. కరెంట్ పోయినా చివరి కొన్ని క్షణాలది తప్ప మిగతాది తిరిగి వస్తుంది. అసలు ఫైల్ మాత్రం నువ్వు చెప్పేదాకా మారదు. నీకు కావాల్సిన భద్రత అదే కదా.

చికిటి_చిన్నోడు

తెస్తుంది సరే, షాపులో కూర్చునేవాళ్లకి ఆ చుక్క అర్థం ఏం తెలుస్తుంది? ధర మార్చారు, స్క్రీన్ మీద మారింది, అయిపోయిందనుకుంటారు. సైట్‌లో మారదు. మర్నాడు ఫోన్. నాకు ఆ ఫోన్లు వచ్చే రోజులున్నాయి, అందుకే ఆన్ చేసి పెడతా.

పర్లాకిమిడి_అక్క

మధ్యలో ఒకటుంది. ఆటో సేవ్‌కి నాలుగు స్థితులు: ఆఫ్, కొంచెం ఆగాక, ఆ ఫైల్ వదిలి పక్కదానికి వెళ్లినప్పుడు, వీఎస్ కోడ్ విండో వదిలి వేరే విండోకి వెళ్లినప్పుడు. షాపు కంప్యూటర్‌కి నాలుగోది పెట్టండి. ధర మార్చి బ్రౌజర్‌లో చూసుకోవడానికి వెళ్లగానే సేవ్ అవుతుంది, టైప్ చేస్తున్నంతసేపూ అవ్వదు. వంశధార తమ్ముడు రాసే ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆఫ్ ఉంచమంటాను. సేవ్ చేసినప్పుడు కోడ్ సర్దిపెట్టే సదుపాయం వాడుతుంటే, కొంచెం ఆగాక సేవ్ అయ్యే పద్ధతిలో అది జరగదు, మనం చేత్తో సేవ్ చేస్తేనే జరుగుతుంది. ఆ తేడా తెలీక ఎందుకు సర్దట్లేదని తలబాదుకునేవాళ్లు చాలామంది.

బరంపురం_బాబు

గాలి మాట వచ్చింది కాబట్టి: 2013 ఫైలిన్ తుఫాను తర్వాత మా బరంపురంలో కరెంట్ ఎప్పుడొచ్చిందో గుర్తున్నవాళ్లు ఆటో సేవ్ గురించి వాదించరు. మోటార్ బైక్ బ్యాటరీకి ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నాం. సరే, దారి తప్పించాను, కొనసాగించండి.

వంశధార_వాసి

నాలుగోదే పెట్టిస్తున్నా. ఇప్పుడు ఆ నాలుగు ఫైనల్ ఫైళ్ల సంగతి. ఏది వాడుతున్నారో ఎలా కనిపెట్టాలి?

కోరాపుట్_కాఫీ

కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్. టీఈ_ఫైనల్ అని కొట్టి చూడు, కోడ్‌లో ఎక్కడైనా ఆ పేరు పిలిచారేమో తెలుస్తుంది. ఎక్కడా పిలవకపోతే అది పనిలో లేనట్టే. పేరుని ముక్కలుగా అతికించి పిలిచే కోడ్ కూడా ఉంటుంది, భాష పేరు తీసుకుని వెనక డాట్ జేసన్ తగిలించేవి, కాబట్టి జేసన్ అని కూడా ఒకసారి వెతుకు. వెంటనే డిలీట్ చెయ్యకు. పాతవి అని ఒక ఫోల్డర్ పెట్టి, ఎడమ లిస్టులోనే పట్టుకుని లాగి అందులో పడెయ్. సైట్ ఒక రోజు నడిచాక తీసేయ్.

ఈ పనులన్నీ విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కాకుండా వీఎస్ కోడ్ లిస్టులోనే చెయ్యమని చెప్పడానికి కారణముంది. జావాస్క్రిప్ట్ ఫైల్‌ని ఇక్కడ జరిపినా పేరు మార్చినా, దాన్ని పిలిచే మిగతా ఫైళ్లలో దారులు మార్చమంటావా అని అదే అడుగుతుంది. బయట జరిపితే అడిగేవాడు లేడు. పైగా ఆ లిస్టు మీద ఉండగానే కంట్రోల్+జెడ్ నొక్కితే జరిపింది వెనక్కి వస్తుంది. అయితే హెచ్‌టీఎంఎల్‌లో బొమ్మలకి రాసిన దారులు మాత్రం మారవు, అవి నువ్వే చూసుకోవాలి.

నాగావళి_ఒడ్డున

దానికి ముందు గిట్ పెట్టుకో తమ్ముడూ, అది ఫైళ్లలో చేసిన మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్. ఎడమ పక్క కొమ్మల బొమ్మ నొక్కితే రిపాజిటరీ మొదలెట్టే బటన్ ఉంటుంది. ఇప్పుడున్నది ఉన్నట్టు ఒక కమిట్ చేసి (అంటే ఆ స్థితిని గిట్‌లో నమోదు చేసి), ఆ తర్వాతే చీపురు పట్టు. ఫైనల్, అసలు ఫైనల్ అనే పేర్లు పుట్టేదే గిట్ లేని ఇంట్లో.

చికిటి_చిన్నోడు

గిట్ రానివాళ్లకి టైమ్‌లైన్ ఉంది కదా అన్నా. లిస్టు కింద టైమ్‌లైన్ తెరిస్తే ఆ ఫైల్‌ని సేవ్ చేసిన ప్రతిసారీ ఒక కాపీ కనిపిస్తుంది. 2022 మార్చి వెర్షన్ నుంచి వస్తోంది.

నాగావళి_ఒడ్డున

ఉంది, నేనూ వాడతా. కానీ అది ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఫోల్డర్‌తో పాటు పెన్‌డ్రైవ్‌లో రాదు. మామూలుగా ఫైల్‌కి 50 కాపీల వరకే. వీఎస్ కోడ్ బయట చేసిన మార్పు అందులో పడదు. షాపులో ఎవరో నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చారనుకో, టైమ్‌లైన్‌కి ఆ కబురే తెలీదు.

వంశధార_వాసి

గిట్ పెట్టి మొదటి కమిట్ చేశా. పాతవి ఫోల్డర్‌లోకి మూడు ఫైళ్లు వెళ్లిపోయాయి. సైట్ బాగానే నడుస్తోంది.

ఇంకోటి. ముందాయన ఒడియాకి కోడ్ అంతటా ఓడీ అని పెట్టారు. అసలు ప్రామాణిక సంక్షిప్తం ఓఆర్ కదా. మొత్తం ప్రాజెక్ట్‌లో ఓడీ తీసేసి ఓఆర్ పెట్టేద్దామనుకుంటున్నా. రీప్లేస్ ఆల్ నొక్కితే చాలు కదా?

పర్లాకిమిడి_అక్క

చెయ్యి తియ్! నొక్కావా?

వంశధార_వాసి

లేదక్కా, ఇంకా లేదు.

పర్లాకిమిడి_అక్క

హమ్మయ్య. ఇంగ్లిష్‌లో ప్రొడక్ట్ స్పెల్లింగ్ గుర్తు తెచ్చుకో, మధ్యలో ఓడీ ఉంది. బాడీలో ఉంది. కోడ్‌లో, మోడ్‌లో, మెథడ్‌లో, మోడ్యూల్‌లో, ఫుడ్‌లో ఉంది. కిరాణా షాపు సైట్‌లో ప్రొడక్ట్ అన్న మాట ఎన్ని వందల చోట్ల ఉంటుందో! అన్నీ విరిగేవి. తర్వాత వెనక్కి మారుద్దామంటే ఇంకా ఘోరం, ఎందుకంటే ఓఆర్ అంటే ఇంగ్లిష్‌లో లేదా. ఫర్ లో ఉంది, కలర్ లో ఉంది, ఎర్రర్ లో ఉంది. ఏది నువ్వు మార్చింది, ఏది మొదటినుంచీ ఉన్నది అని ఎవరు తేలుస్తారు?

ఇలా చెయ్యి. వెతికే పెట్టె కుడి చివర మూడు చిన్న బొమ్మలుంటాయి. మొదటిది పెద్ద చిన్న అక్షరాల తేడా, రెండోది పూర్తి మాట మాత్రమే, మూడోది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. మొదటి రెండూ నొక్కు. ఆ తర్వాత ఓడీని కొటేషన్ గుర్తులతో కలిపి వెతుకు. కోడ్‌లో భాష పేరు మామూలుగా కొటేషన్లలోనే ఉంటుంది కదా, ఒకసారి జంట కొటేషన్లతో, ఒకసారి ఒంటి కొటేషన్లతో. వచ్చిన ఫలితాల్లో ఒక్కోదాని మీద నొక్కితే మారకముందు, మారాక ఎలా ఉంటుందో చూపిస్తుంది. అక్కర్లేనిదాని పక్కన ఇంటూ గుర్తు నొక్కి తీసేయ్. మిగిలినవే మార్చు. ఓడీ.జేసన్ పేరు ఎడమ లిస్టులో ఎఫ్2 నొక్కి మార్చుకో.

కోరాపుట్_కాఫీ

బయటి లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ గురించి భయపడకు, వెతుకులాటలో అది మామూలుగానే బయట ఉంటుంది. కానీ బిల్డ్ చేసిన ఫోల్డర్ ఉంటే అది వస్తుంది. చేర్చకూడని ఫైళ్ల పెట్టెలో దాని పేరు రాసెయ్.

వంశధార_వాసి

పదకొండు చోట్ల మాత్రమే వచ్చింది. పూర్తి మాట అనే బొమ్మ నొక్కకముందు సంఖ్య నాలుగంకెల్లో ఉంది 😅. మారిపోయింది, కమిట్ కూడా చేశా.

సర్వర్‌కి ఎక్కించాక ఒడియా పేజీలో బొమ్మలు రావట్లేదు. నా ల్యాప్‌టాప్‌లో వస్తున్నాయి.

చికిటి_చిన్నోడు

ఫోల్డర్ పేరు పెద్దక్షరంతో మొదలవుతుందా, చిన్నక్షరంతోనా? విండోస్‌కి ఇమేజెస్ ఎలా రాసినా ఒకటే. సర్వర్ లినక్స్ అయితే ఒక్క అక్షరం పెద్దదైనా అది వేరే ఫోల్డర్.

వంశధార_వాసి

అదే అన్నా. ఫోల్డర్ పెద్ద ఐ, కోడ్‌లో చిన్న ఐ. ఫోల్డర్ పేరు మార్చా, కానీ గిట్ అసలు మార్పే లేదంటోంది.

నాగావళి_ఒడ్డున

విండోస్ మీద గిట్ కూడా ఆ తేడా పట్టించుకోకుండా ఉంటుంది. రెండు అడుగుల్లో మార్చు: ముందు పూర్తిగా వేరే పేరు పెట్టి కమిట్, తర్వాత కావాల్సిన చిన్నక్షరాల పేరు పెట్టి కమిట్. అప్పుడు ఒప్పుకుంటుంది.

నిర్వాహకుడు

దారం పేరు "హెల్ప్ అర్జెంట్!!!" అని ఉండేది, వెతికేవాళ్లకి దొరికేలా మార్చాను.

ఇచ్ఛాపురం_ఇవతల

ఆలస్యంగా వచ్చా. మా షాపు ధరల సీఎస్‌వీ ఫైల్ వీఎస్ కోడ్‌లో తెలుగు బాగుంటుంది, ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఇదే ఎ, డిగ్రీ గుర్తు జంట. ఇక్కడ చెప్పినట్టు డాట్ వీఎస్ కోడ్ ఫోల్డర్ వెతికా, లేదు.

పర్లాకిమిడి_అక్క

మీది వేరే సంగతి అండీ. ఫైల్ బాగానే ఉంది, అది యూటీఎఫ్-8 అని ఎక్సెల్‌కి తెలియట్లేదు. వీఎస్ కోడ్‌లో తెలుగు బాగా కనిపిస్తున్నప్పుడే అడుగున యూటీఎఫ్-8 మీద నొక్కి, సేవ్ దారి ఎంచుకుని, యూటీఎఫ్-8 విత్ బామ్ పెట్టండి. ఫైల్ మొదట్లో మూడు బైట్ల గుర్తు పడుతుంది, ఎక్సెల్ దాన్ని చూసి సరిగ్గా చదువుతుంది. రూపాయి గుర్తు కూడా సరిగ్గా వస్తుంది. ఇది సీఎస్‌వీకి మాత్రమే. జేసన్‌కి పెడితే చదివే ప్రోగ్రామ్ మొదటి అక్షరం దగ్గరే ఎర్రర్ ఇవ్వొచ్చు, పీహెచ్‌పీకి పెడితే ఇంకో రకం గొడవ.

ఇచ్ఛాపురం_ఇవతల

వచ్చింది అక్కా! మా అకౌంట్లు రాసేవాయన వారం నుంచి నన్ను తిడుతున్నాడు.

బరంపురం_బాబు

నాదీ ఒక చిన్న డౌట్, దారం మూసేలోపు. వీఎస్ కోడ్‌లో తెలుగు ఒత్తుల కింది భాగం తెగిపోయి కనిపిస్తోంది. ఈసారి ఫాంటేనా, లేక ఇదీ ఎన్‌కోడింగేనా?

నాగావళి_ఒడ్డున

ఈసారి ఫాంటే బాబుగారూ. ఎడిటర్ లైన్ హైట్ సెట్టింగ్ కాస్త పెంచండి, 1.8 పెట్టి చూడండి.